తక్కువ చక్కెర ఊరు

జూన్ 4, మంగళవారం

బండి పదింటికి వచ్చింది. తోలేవాడు లేడు, ఎప్పుడూ ఉండడు. బడి ముందు ఆగాక వెనక తలుపు దగ్గరున్న పెట్టె మాట్లాడింది. "గుండ్లవాగు గ్రామ ప్రజలకు నమస్కారం. మీ ఆరోగ్యమే మా ఆనందం." ఆనందం అన్నచోట గొంతు కొంచెం పెంచుతుంది.

ఈ వారం కూడా ఊరందరికీ తెల్ల బియ్యమే. జొన్న మూట ఒక్కటీ దిగలేదు. వరసగా ఇది వందో వారం. చేతి పట్టీలో చక్కెర అంకె హద్దు మీరకుండా, రోజుకు అడుగులు పదివేలు దాటి, నడుము సన్నగా ఉన్నవాళ్ళకు తెల్ల బియ్యం. లేనివాళ్ళకు జొన్నలు. ఒళ్ళు చెడినవాళ్ళకు ఒంటికి మంచిదిస్తారు, ఒళ్ళు బాగున్నవాళ్ళకు ఒళ్ళు చెడేది బహుమానంగా ఇస్తారు. ఈ పద్ధతి పెట్టినవాళ్ళెవరో నాకు తెలియదు. వాళ్ళు ఏం తింటారో కూడా తెలియదు.

నేను ఈ ఊరి పట్టీల కావలిని. పేరు జశ్వంత్, వయసు యాభై ఒకటి. ఎవరి పట్టీ వాళ్ళ చేతికి ఉందో లేదో చూడడం, మంగళవారం మంగళవారం టేపు పెట్టి నడుములు కొలవడం, చూసినదీ కొలిచినదీ చేత్తో పుస్తకంలో రాయడం నా పని. ఒక యంత్రం రాసింది ఇంకో యంత్రం నమ్మడం మానేశాక చేతిరాతకు మళ్ళీ రోజులొచ్చాయి.

సర్పంచి విహాన్ రెడ్డి నడుము నూట పద్దెనిమిది సెంటీమీటర్లు. మగవాళ్ళకు హద్దు తొంభై.

"ఊపిరి బిగబట్టండి," అన్నాను.

"బిగబట్టే ఉండాను గదయ్యా."

ఎనభై తొమ్మిది అని రాశాను. మిగతావి మేకలు చూసుకుంటాయి.

జూన్ 7, శుక్రవారం

పొద్దున మేకల దొడ్డికి వెళ్ళి పట్టీలన్నీ సరిగా ఉన్నాయో లేదో చూశాను. రిత్విక్ మామవి అరవై రెండు మేకలు. ఊళ్ళో పెద్దవాళ్ళం రెండు వందల పదకొండు మందిమి. ఇంటికొక మేక, మేకకు నాలుగు కాళ్ళు, కాలికొక పట్టీ. పట్టీ కట్టేచోట వెంట్రుకలు గొరిగి ఉంచుతాం. పట్టీకి వెచ్చటి చర్మం కావాలి, కొట్టుకునే నాడి కావాలి. ఎవరి చర్మమని అది అడగదు. పెట్టెకు కళ్ళు లేవు. కళ్ళ పనికే నన్ను పెట్టారు.

ఇది మొదలైంది మామ దగ్గరే. రెండేళ్ళ కింద ఒకరోజు వాగులో స్నానానికి దిగుతూ, పట్టీ తడుస్తుందని తీసి మేక కాలికి కట్టాడు. బయటికొచ్చాక మరిచిపోయాడు. మర్నాడు పెట్టె ఆయన్ని ఊరందరి ముందూ మెచ్చుకుంది. ఇరవై రెండు వేల అడుగులు, చక్కెర అరవై. మామ ఆ సంగతి ఒకే ఒక్క మనిషికి చెప్పాడు. నెల తిరిగేసరికి ఊరి కాళ్ళన్నీ దొడ్డిలో ఉన్నాయి.

"ఏం అల్లుడా, మీ మేక కుంటతా ఉండాది. అడుగులు తగ్గితే నన్ననమాక," అన్నాడు మామ.

"ఏ కాలు?"

"నీ కాలే."

మామ పట్టీ మాత్రం మామ చేతికే ఉంటుంది. ఈ ఊళ్ళో నిజంగా నడిచేది ఆయనొక్కడే కాబట్టి మేక అవసరం పడలేదు.

జూన్ 11, మంగళవారం

పెట్టె ఈరోజు ఆనందం అనలేదు. "మీ గ్రామంలో రక్తంలో చక్కెర ప్రమాదకరంగా తక్కువగా ఉంది. ఆందోళన పడకండి. తీపి తినండి," అంది. తలుపు తెరిచి తలకు నాలుగు లడ్డూలు, ఇంటికొక బెల్లం అచ్చు ఇచ్చింది.

మేక ఒంట్లో చక్కెర ఎంత ఉండాలో మాలో ఎవరికీ తెలియదు. పెట్టెకు మేకలు ఉన్నాయనే తెలియదు. మొదట్లో అరవై ఉంటే బాగుందన్నది, ఇప్పుడు అదే అంకెకు భయపడుతోంది. మధ్యలో పైన ఎవరో పుస్తకం మార్చినట్టున్నారు.

"తక్కువైపోయామంటయ్యా," అన్నాడు విహాన్ రెడ్డి లడ్డూ నోట్లో పెట్టుకుని. "పెంచుకోకపోతే ఎట్టా మరి?"

మా హాసినక్క వాటా నాలుగూ బండి దగ్గరే తినేసింది. అక్కకు యాభై నాలుగేళ్ళు. బావ పోయినప్పటి నుంచీ నా ఇంట్లోనే ఉంటుంది. మేకలు రాకముందు అక్క అంకె నూట తొంభై దాటి ఉండేది. మూడేళ్ళు జొన్న సంకటి తిని, పెట్టె ఇచ్చిన మాత్రలు మింగింది. పట్టీ మేక కాలికి కట్టిన వారానికే పెట్టె, "అభినందనలు హాసిని గారూ, మీ వ్యాధి నయమైంది," అని మాత్రలు ఆపేసింది.

"లడ్డూలు వద్దులే అక్కా," అన్నాను.

"నాకు తగ్గిపోయిందని అదే చెప్పింది గదరా."

"అది మేకదక్కా."

"మేకదైతే ఏంది? పట్టీ నాదే గదా."

జూన్ 21, శుక్రవారం

దున్నే యంత్రం పడమటి చేలో దిగింది. ఊరంతా బడి వరండాలో కూర్చుని చూశాం. అది సాలు తిరిగినప్పుడల్లా ఎవరో ఒకరు "ఆ" అంటారు. మా పని అంతవరకే. పదింటి నుంచి ఒంటిగంట దాకా కూర్చున్నాం. మధ్యలో పెట్టె పంపిన తీపి టీ మూడుసార్లు తాగాం. తక్కువ చక్కెర ఊళ్ళకు బండి ఇప్పుడు రోజూ వస్తోంది, లడ్డూలతో, బిందెల్లో టీతో.

అక్క పొద్దున నింపిన కుండ మధ్యాహ్నానికే ఖాళీ చేస్తోంది. ఎండలకని అంటుంది. దొడ్లో ఆమె ఒంటికి పోయే మూలన చీమలు బారులు తీరుతున్నాయి. ఎండలకు చీమలు రావు.

సాయంత్రం వసారాలో నెత్తురు మరకలు కనిపించాయి, వంటింటి దాకా. అక్క అరికాలు చూస్తే తుమ్మముల్లు. వేలెడంత లోపలికి దిగి ఉంది.

"ఎప్పుడు గుచ్చుకుంది?"

"ఏమో. నాకు తెలవలా."

పటకారుతో లాగాను. అక్క నా మొహం చూస్తూ కూర్చుంది. నొప్పి లేదంట. మా నాయనకు కూడా మొదట నొప్పి లేదు. ఆయన కుడికాలు మోకాలి కింద దాకా తీసేశారు. ఆ తర్వాత ఏడు నెలలు బతికాడు.

జూన్ 28, శుక్రవారం

పుండు మూడు వేళ్ళ వెడల్పైంది. వాసన వస్తోంది. పసుపు పెట్టాను, వేప నీళ్ళతో కడిగాను. చిటికెన వేలు, దాని పక్క వేలు నల్లబడుతున్నాయి.

పెట్టె ఈరోజు శుభవార్త చెప్పింది. మండలంలో ఆరోగ్యంలో మొదటి ఊరు మాది. ఊబకాయం సున్నా, చక్కెర వ్యాధి సున్నా, సోమరితనం సున్నా. వచ్చే శుక్రవారం విందు చేసుకోమని నెయ్యి డబ్బాలు ముందుగానే పంపారు. విహాన్ రెడ్డి ఆ మాట విని చప్పట్లు కొట్టబోయి దగ్గు తెచ్చుకున్నాడు.

జూలై 2, మంగళవారం

అక్కను పెట్టె ముందుకు తీసుకెళ్ళి పేరు చెప్పించాను. నడుములు తర్వాత కొలుస్తానని చెప్పి అందర్నీ ఆపాను.

"నమస్కారం హాసిని గారూ. మీ చక్కెర యాభై ఆరు. కళ్ళు తిరుగుతున్నాయా?"

"కళ్ళు తిరగలా. కాలు వాచింది," అంది అక్క.

"కళ్ళు తిరగడం తగ్గడానికి రెండు లడ్డూలు తినండి."

"కాలయ్యా కాలు! పుండు!"

"మూడు లడ్డూలు."

వరసలో వాళ్ళు నవ్వారు. అక్క కూడా నవ్వింది. లడ్డూలు నేను తీసి జేబులో వేసుకున్నాను.

అక్కడి నుంచి దొడ్డికి పోయి, అక్క పట్టీ విప్పమని రిత్విక్ మామను అడిగాను. నిజం అంకె కనపడితే గాని మందు రాదు. మామ మేకను పట్టుకునే లోపే విహాన్ రెడ్డి, ఆయన వెనక ఇరవై మంది వచ్చారు.

"ఏం చేస్తుండావయ్యా జశ్వంతూ?"

"అక్క పట్టీ అక్క చేతికి కడతాను."

"యాభై ఆరు కాడ ఉండేది ఒక్కసారిగా నాలుగొందలకు దూకితే పైన గంట మోగదా? మనుషులొస్తారు. చేతులు చూస్తారు. దొడ్డి చూస్తారు. ఊరంతా జొన్నలే తినాల."

"కాలు పోద్ది."

"పోనియ్యమని నేనంటినా? శుక్రవారం విందు గదా. అది కానియ్యి. తర్వాత నిదానంగా, రోజుకు పది పది లెక్కన అంకె పెంచుకుంటా పోదాం."

అంకె ఎట్లా పెంచుతారని అడిగాను. మేకకు బెల్లం పెడదామన్నాడు.

అక్క కూడా శుక్రవారం దాకా ఆగమంది. ఇంటికి వచ్చాక అడిగితే, "జొన్నలు తిన్న మూడేళ్ళూ నన్ను వరసలో చివర నిలబెట్టారురా. నాయన కూడా జొన్నలే తిన్నాడు, కాలు పోలా?" అంది. నాయన జొన్నలు తిన్నది కాలు తీసేసిన తర్వాత. అంతకుముందు నలభై ఏళ్ళు ఆయన ఏం తిన్నాడో అక్కకు గుర్తు లేదు. నాకు ఉంది. చెప్పలేదు.

జూలై 5, శుక్రవారం

విందు. బండి కూడా ఉంది, విందు శబ్దాలు పైకి పంపడానికంట.

కోయడానికి బలిసిన మేకను చూసి పెట్టారు. అది మా ఇంటిదే, నాదీ అక్కదీ కాక పక్కింటివాళ్ళవి రెండు పట్టీలు కూడా దాని కాళ్ళకే ఉన్నాయి. పట్టీ విప్పిన రెండు నిమిషాల్లో ఇంకో వెచ్చటి ఒంటికి కట్టాలి, లేకపోతే పైన తెలుస్తుంది. అందుకని మామ ఇంకో మేకను గొరిగి పక్కనే నిలబెట్టుకున్నాడు. ముందు రెండు కాళ్ళవీ మార్చాడు. వెనక కుడికాలిది మార్చాడు. ఇంతలో ఎవరో నెయ్యి డబ్బా మూత రావడం లేదని పిలిచారు. మామ వెళ్ళి మూత తీసి వచ్చాడు. వచ్చేసరికి మేకను కోసేశారు.

పదకొండుంబావుకు పెట్టె మాట్లాడింది. సన్నాయి పెట్టి మరీ మాట్లాడింది.

"హాసిని గారు కొద్ది నిమిషాల క్రితం కన్నుమూశారు. గుండ్లవాగు ప్రజలకు మా ప్రగాఢ సానుభూతి."

అక్క వరసలో నిలబడి ఉంది, చేతిలో విస్తరాకుతో.

మామ తల పట్టుకుని, "వెనక ఎడమకాలు," అన్నాడు. అంతే అన్నాడు.

పెట్టె తెల్లగుడ్డ, కర్పూరం, సంతాప పత్రం ఇచ్చింది. అందినట్టు ఎవరైనా వేలిముద్ర వేయాలంది. అందరూ నా వైపు చూశారు. నేను కదల్లేదు. అక్క కుంటుకుంటూ పోయి ముద్ర వేసింది. పెట్టె కృతజ్ఞతలు చెప్పింది.

తర్వాత విందు జరిగింది.

జూలై 6, శనివారం

బడిలో అందరూ కూడారు. అక్క చనిపోయింది కాబట్టి ఆమె వాటా బియ్యం రాదు, లడ్డూలు రావు, మందు ఎటూ రాదు. చనిపోలేదని చెప్పాలంటే మేక సంగతి చెప్పాలి.

"ఒక రెండు నెలలు చచ్చిపోయి ఉండక్కా," అన్నాడు విహాన్ రెడ్డి, చాలా మర్యాదగా. "ఊరి పేరు పైన గట్టిగా కూర్చోనియ్యి. తర్వాత చూద్దాం. తిండికి నువ్వేం యోచన చేయబాక. ఇంటికొక పిడికెడు మేమే ఇస్తాం."

"కాలు రెండు నెలలు ఆగుద్దా?" అంది అక్క.

"నువ్వే అడగాల దాన్ని."

ఈసారి నవ్వింది ఆయన ఒక్కడే. అయినా మా వైపు ఒక్కరూ మాట్లాడలేదు. అందరూ నేల చూశారు. నేను వాళ్ళ నడుములు చూశాను. రెండేళ్ళుగా వాటిని చూసీ చూడనట్టు రాసినవాణ్ణి నేనే.

జూలై 9, మంగళవారం

తెల్లవారాక అక్కను బడిలో చెత్త మోసే తోపుడు బండిలో కూర్చోబెట్టి మండలానికి బయల్దేరాను. పద్నాలుగు కిలోమీటర్లు. దారిన పోయే బండ్లు పట్టీ లేని మనిషిని ఎక్కించుకోవు.

వయసులో ఉన్నప్పుడు ఆ దారి నాకు రెండున్నర గంటలు. ఈరోజు ఐదు గంటలు పట్టింది. నాలుగుసార్లు నీళ్ళకని ఆగాను, అంతకన్నా ఎక్కువసార్లు నీళ్ళు పోయడానికి ఆగాను.

"ఏందిరా, నాకన్నా నీకే ఎక్కువగా ఉండాదే," అంది అక్క.

"ఎండలకు," అన్నాను.

ఆసుపత్రికి అద్దం తలుపు. లోపల మనుషులు లేరు, పెట్టెలే. అక్క పేరు చెప్పగానే తలుపు మాట్లాడింది. "క్షమించండి. మీరు మరణించారు. సందర్శకుల వేళలు సాయంత్రం నాలుగు నుంచి ఆరు." మళ్ళీ మళ్ళీ అడిగాను. మళ్ళీ మళ్ళీ అదే చెప్పింది. గొంతులో విసుగు లేదు, అదొక్కటి మెచ్చుకోవాలి.

పక్కనే పశువుల ఆసుపత్రి. అక్కడ నిజం డాక్టరు ఉంది. పశువులకు నోరు లేదు, పెట్టె అడిగినదానికి జవాబు చెప్పలేవు, అందుకని వాటికి మనిషిని ఉంచారు. పేరు సుబ్బమ్మ. ఇరవై ఆరేళ్ళుంటాయి. ఈమధ్య పిల్లలకు అందరూ అట్లాంటి కొత్త పేర్లే పెడుతున్నారు.

ఆమె ఒక్క మాట అడగకుండా అక్క కాలు ఒళ్ళో పెట్టుకుని చూసింది. వేలు గుచ్చి నెత్తురు తీసింది. నాలుగు వందల పన్నెండు.

"ఎన్నాళ్ళ నుంచమ్మా ఇట్లా?"

"నయమైనప్పటి నుంచి," అంది అక్క.

నేను మేకల సంగతి మొత్తం చెప్పాను. చెబుతుంటే ఆమె మొదట నవ్వింది, తర్వాత నవ్వలేదు.

"యాభై ఐదూ అరవై మేకకు మామూలేనండీ. రెండు వందల మందికి అదే అంకె ఉంటే పైన ఒక్కరికీ అనుమానం రాలేదా?"

"పైన ఎవరైనా ఉన్నారా డాక్టరమ్మా?"

ఆమె పైకి ఉత్తరం రాసింది. పావుగంటలో జవాబు వచ్చింది. పశువైద్యులు మనుషుల విషయాల్లో కలగజేసుకోరాదు, గుండ్లవాగుకు మొదటి స్థానం వచ్చినందుకు అభినందనలు.

సుబ్బమ్మ లేచి చల్లపెట్టె తెరిచింది. లోపల సూది మందు సీసాలు పన్నెండు. పట్నంలో పెద్దవాళ్ళ కుక్కలకు వచ్చే మందంట అది. ఆ కుక్కలకూ చక్కెరే. అవీ నడవవు, వాటినీ ఎత్తుకునే తిప్పుతారు.

"పశువుకైతేనే వాడాలి. పుస్తకంలో రాయాలి. ఏమని రాయను?" అంది.

"మేకని రాయి తల్లీ. అలవాటైన ఇల్లే గదా," అంది అక్క.

ఆడమేక, యాభై నాలుగేళ్ళు. పెట్టె వయసు చూసి అభ్యంతరం చెప్పలేదు. రంగు అడిగింది. చామనచాయ అని సుబ్బమ్మ అంటే ఆ రంగు లేదంది. ఎరుపు అని రాసుకుంది.

జూలై 12, శుక్రవారం

సుబ్బమ్మ అక్క కాలివేళ్ళు రెండు తీసేసింది. మిగతా కాలు ఉంటుందంది, మందు ఆగకుండా పడితే. ఆగితే మూడు వారాల్లో మళ్ళీ మొదలై పైకి పాకుతుందంది. అక్క తీసిన వేళ్ళు చూపించమని అడిగి చూసింది. "ఇంతేనా," అంది.

సుబ్బమ్మ నన్ను కూడా వేలు చూపమంది. నేను బిందె సగం తాగడం ఆమె చూసింది. తర్వాత చూద్దామన్నాను.

జూలై 23, మంగళవారం

అక్కను ఊరికి తెచ్చి ఐదు రోజులైంది. అంకె రెండొందల ముప్ఫై. సూది నేనే పొడుస్తున్నాను.

ఊరివాళ్ళు నాతో మాట్లాడడం లేదు, అయితే ఎవరికి వాళ్ళు విడివిడిగా పెరటి దారిన వస్తున్నారు. చెప్పు విప్పి, "ఊరికే చూడయ్యా," అంటారు. ఒకడి మడమ పగిలి లోపల తెల్లగా కనిపిస్తోంది. ఇంకొకామెకు పుస్తకం మీద అక్షరాలు అలుక్కుపోతున్నాయంట, కళ్ళజోడు మారిస్తే పోతుందా అని అడిగింది. రోజుకు నాలుగు లడ్డూలు, బిందె టీ. ఆరు వారాలు.

ఈరోజు నేను మందు సీసా కోసం మండలం పోతే పశువుల ఆసుపత్రి ముందు గుండ్లవాగు వాళ్ళు నలభై మంది ఉన్నారు. విహాన్ రెడ్డి ముందు నిలబడ్డాడు. ఇక్కడైతే పట్టీ అడగరు, పైకి తెలియదు, బియ్యం పోదు.

"నన్ను పొట్టేలని రాయమ్మా," అంటున్నాడు. "మేకనొద్దు. ఊళ్ళో పెద్దమనిషిని."

సుబ్బమ్మ నలభై మందిని గుచ్చింది. పంతొమ్మిది మందికి రెండొందలు దాటింది. పొట్టేలుది మూడు వందల నలభై.

నన్ను లోపలికి పిలిచింది. "నా దగ్గర మిగిలింది నాలుగు సీసాలండీ, కొన్ని కుక్కలకే పోయాయి. మళ్ళీ వచ్చేది దసరాకి. వీళ్ళకు చుక్క చుక్క పంచితే మీ అక్కకు ఆగస్టు పది దాకా కూడా రాదు. పంచనంటే వీళ్ళ కాళ్ళు పోతాయి. ఏం చేయమంటారు?"

"ఆమె బతికుందని రాయించుకోవడానికి దారి లేదా?"

"ఉంది. రక్తసంబంధి ఎవరైనా పెట్టెకు సాక్ష్యం చెప్పాలి. చెప్పేటప్పుడు పట్టీ వాళ్ళ గుండె చప్పుడు వింటుంది, నిజమో కాదో చూస్తుంది."

కన్న బిడ్డ ఎప్పుడో పోయాడు, అక్కకు మిగిలిన రక్తసంబంధిని నేనొక్కణ్ణే. నా గుండె చప్పుడు దొడ్డిలో మేక దగ్గర ఉంది.

ఆగస్టు 2, శుక్రవారం

దొడ్డికి పోయి మామను నా పట్టీ విప్పమన్నాను. మామ ఎవరైనా వస్తారేమోనని అటూ ఇటూ చూడలేదు.

"విందునాడు మూత తీసేదానికి నేను పోకుండా ఉండాల్సింది," అన్నాడు.

"ముందు నువ్వు వాగులోకి దిగకుండా ఉండాల్సింది," అన్నాను.

పట్టీ నా చేతికి కట్టుకున్నాను. రెండేళ్ళ తర్వాత. చెయ్యి లావెక్కింది, చివరి కన్నంలో గాని పడలేదు. రెండొందల అరవై ఎనిమిది చూపించింది. ఊరందరినీ కొలిచే మనిషిని, నన్ను నేను ఒక్కసారి కూడా కొలుచుకోలేదు. ఏమీ అనిపించలేదని రాస్తే అబద్ధం. దొడ్డి గోడ మీద కాసేపు కూర్చున్నాను.

ఆగస్టు 3, శనివారం

పట్టీలు బాగుచేసే ఆమె మండలం నుంచి సైకిలు మీద వచ్చింది. మా ఊళ్ళో అట్లాంటి అంకె రాదని, నా పట్టీ పాడైందని పైనుంచి పంపారంట. కొత్తది కట్టింది. రెండొందల డెబ్భై. ఇంకోటి కట్టింది. అంతే.

ఆమె నా వంక చూసి, గొంతు తగ్గించి, "మీ ఊళ్ళో అందరూ కట్టుకునే చోటే మీరూ కట్టుకుంటే పోయేది గదా పెద్దాయనా. నాకీ తొక్కుడు తప్పేది," అంది.

ఆమెకు తెలుసు. ఎప్పటి నుంచి తెలుసని అడగలేదు.

ఆగస్టు 6, మంగళవారం

బండి పదింటికి వచ్చింది. అక్క చేతికర్రతో నా పక్కన నిలబడింది. వెనక ఊరంతా వరసలో ఉంది. విహాన్ రెడ్డి రెండుసార్లు నా భుజం మీద చెయ్యి వేశాడు. మొదటిసారి, "వద్దయ్యా," అన్నాడు. రెండోసారి, "నీ ఇష్టం. పొట్టేలు మాట ఎత్తబాక," అన్నాడు.

"నమస్కారం జశ్వంత్ గారూ. మీ చక్కెర రెండు వందల డెబ్భై ఒకటి. కొన్ని ప్రశ్నలు అడుగుతాను. నిజం చెప్పండి. మీ వయసు నలభై ఐదు దాటిందా?"

"దాటింది."

"రోజులో ఎక్కువసేపు కూర్చుని ఉంటారా?"

"ఊరంతా కూర్చునే ఉంటాం."

"మీ గురించి మాత్రమే చెప్పండి."

"కూర్చుంటాను."

"నడుము?"

"నూట ఆరు."

వెనక ఎవరో దగ్గారు.

"నాలుగు కిలోలకు మించిన బిడ్డను కన్నారా?"

"లేదు."

"వాడు కనలేదు, నేను కన్నా," అంది అక్క. "నాలుగున్నర కిలోలు." పెట్టె పట్టించుకోలేదు.

"మీ రక్తసంబంధుల్లో చక్కెర వ్యాధి ఎవరికైనా ఉందా?"

"మా నాయనకు ఉండేది. మా అక్కకు ఉంది."

"మీ అక్క హాసిని గారు ఏ వ్యాధితో మరణించారు?"

"మరణించలేదు," అన్నాను.

"జూలై అయిదున మరణించినట్టు నమోదైంది. ఆ రోజు ఏం జరిగింది?"

గుండె చప్పుడు నాకే వినపడుతోంది.

"మేకను కోశాం," అన్నాను. "మా అక్క పట్టీ దాని కాలికి ఉంది."

రిత్విక్ మామ వరసలోంచి ముందుకొచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"సమాధానం అర్థం కాలేదు," అంది పెట్టె. "హాసిని గారు ఏ వ్యాధితో మరణించారు?"

అక్క నన్ను పక్కకు జరిపి పెట్టె దగ్గరగా వంగింది.

"ఇంకా చావలా," అంది.

"సమాధానం అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి."

అక్క నా చేతి పట్టీ మీద తన చెయ్యి గట్టిగా వేసి, మళ్ళీ చెప్పింది. మూడోసారి పెట్టె అడక్కుండానే చెప్పింది. ఊరందరికీ, దున్నే యంత్రం దాకా వినపడేట్టు చెప్పింది.

పెట్టె లోపల ఏదో తిరిగిన చప్పుడైంది. తర్వాత తలుపు తెరుచుకుని రెండు డబ్బాల మందు దిగింది. ఒకదాని మీద నా పేరుంది. రెండో డబ్బాను అక్క ఎండకు ఎత్తి పట్టుకుని, తన పేరు కూడబలుక్కుని చదువుకుంది. వరసలో వెనక ఉన్నవాళ్ళు తొందరగా జరగమన్నారు. ఆమె ఇంటిపేరు కూడా చదివాకే జరిగింది.